నాయనమ్మ కూర్చునే గోడ

మా మనవరాలు శనివారం హైదరాబాద్ బస్సు దిగి ఇంట్లోకి వచ్చిందంటే ముందు ఫ్రిజ్ తలుపు తీస్తుంది, ఆ తర్వాతే నన్ను పలకరిస్తుంది. మొన్న మాత్రం ఫ్రిజ్ జోలికి పోలేదు. సంచిలోంచి ఇటుకంత పుస్తకం ఒకటి తీసి నా మంచం మీద పడేసింది. తూర్పు దేశాల మతాలకూ తత్వాలకూ పరిచయమట. కాలేజీలో దాని మీద సెమినార్ ఇవ్వాలట.

"అమ్మమ్మా, జర హెల్ప్ చెయ్యవా? నాకు ఒక్క ముక్క ఎక్కుతలేదు" అంది.

"నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరైన దాన్ని. నాకు తత్వాలెక్కడివే?" అన్నాను. వింటేనా.

సరే, కళ్లద్దాలు పెట్టుకుని తిరగేశాను. బౌద్ధులకు ఒక అధ్యాయం, జైనులకు ఒకటి, వేదాంతానికి ఒకటి, చైనా వాళ్లకు, జపాన్ వాళ్లకు వేరే. శూన్యం అంటే ఏమిటో చెప్పడానికే బోలెడు పేజీలు పట్టాయి. ప్రతి పాఠం చివరా ప్రశ్నలున్నాయి. బాగానే రాశారు, కాదనను. కాని ఎక్కడా నశ్యం వాసన రాలేదు. నాకు తత్వమంటే ముందు నశ్యం వాసన, ఆ తర్వాత ఉడికిన బొబ్బర్ల వాసన. మా నాయనమ్మ కొంగుకు ఆ రెండూ ఉండేవి.

"మీ నాయినమ్మ ఏదో గురువు దగ్గర చేరిందట కదా, మమ్మీ చెప్పింది. ఆమె దీంట్ల ఏ చాప్టర్ల వస్తది?" అని అడిగింది పిల్ల.

వెనక నుంచి ముందుకు, ముందు నుంచి వెనక్కు వెతికాను. మా నాయనమ్మ అందులో లేదు. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. పుస్తకం పక్కన పెట్టి, నేనే చెప్పడం మొదలుపెట్టాను.

అప్పుడు మా ఇల్లు మెదక్ ఖిల్లా కింద ఉండేది. పెంకుటిల్లు, సున్నం గోడలు, వెనక పెరట్లో పెద్ద నీళ్ల గోళెం. ఇంట్లో నాయనమ్మ, పెద్దనాయన, పెద్దమ్మ, మా అమ్మానాన్నలు, నేను. పెద్దనాయనకు బియ్యం వ్యాపారం. ఊళ్లో పదిమందీ మాటకు వచ్చేది ఆయన దగ్గరికే. ఆయన చెప్పుల చప్పుడు వినబడితే మా ఇంట్లో పిల్లి కూడా లేచి పక్కకు పోయేది. మా నాన్న నిజాంపేటలో బడిపంతులు, అన్న ముందు నోరెత్తేవాడు కాదు. నాయనమ్మ ఒక్కతే పెద్దనాయనను "పెద్దోడా" అని పిలిచి, నశ్యం డబ్బీ తెమ్మని పంపేది. అంతటి మనిషీ కిక్కురుమనకుండా పోయి తెచ్చేవాడు.

ఆ రోజుల్లో దేవుళ్లు మా వాకిట్లోకే వచ్చేవాళ్లు, మేం వెతుక్కుంటూ పోయే పనే లేదు. గురువారం పకీరు సాయబు సాంబ్రాణి లాంటి లోబాన్ పొగ పట్టుకుని వచ్చేవాడు. ఆ పొగ వాసన కోసం నేను కళ్లు మూసుకుని ఆయన వెంట రెండిళ్ల దాకా పోయేదాన్ని. సోమవారం జంగమయ్య గంట వాయిస్తూ వచ్చేవాడు. ఆదివారం పొద్దున పెద్ద చర్చి గంటలు మోగితే ఊరంతా అటు తిరిగేది. నాయనమ్మ పకీరుకు దోసెడు జొన్నలు, జంగమయ్యకు దోసెడు జొన్నలు పెట్టేది. ఎవరేం చెప్పినా కూర్చుని వినేది.

"నాయినమ్మా, వీళ్లల్ల ఎవరు చెప్పేది నిజం?" అని అడిగాను ఒకరోజు.

"ఇనేటోల్లు మంచిగ ఇంటే అందరు మంచిగనే చెప్తరు బిడ్డా. మనం ఇనం, గందుకే వాళ్లు మళ్ల మళ్ల వస్తరు" అంది.

ఆమె సొంత దారి మాత్రం వేరే. తాత పోయిన తర్వాత ఆమె అచలం తీసుకుంది. అచల గురువులు మా వైపు పల్లెల్లో ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నారు. వాళ్లకు గుడి లేదు, విగ్రహం లేదు, కులం అడగరు. గురువు శిష్యుల చెవిలో ఉపదేశం చెబుతాడు. పున్నమి సాయంత్రం ఎవరో ఒకరింట్లో కూడి తంబుర మీటుతూ తత్వాలు పాడుకుంటారు. ఈ కనబడేదంతా వచ్చి పోయేదే, కదలకుండా ఉన్నది బయలొక్కటే అంటారు. బయలంటే ఆకాశమంత ఖాళీ. వాళ్లలో మనిషి పోతే కాల్చరు. మఠం వేయించి, బతికున్నప్పుడు కూర్చున్నట్టే కూర్చోబెట్టి, మట్టిలో పెడతారు. ఏడవకుండా పాడుతూ సాగనంపుతారు.

గురువయ్య అని అందరూ పిలిచే ఆ పెద్దాయన నిజాంపేట వైపు నుంచి బస్సులో వచ్చేవాడు. గంభీరమైన మనిషని ఊహించుకోకండి. మిర్చి బజ్జీలంటే ప్రాణం. ఇంకొకరు పాడుతుంటే కళ్లు మూసుకుని తల ఊపేవాడు. కాసేపటికి తల ఊగడం ఆగి గురక మొదలయ్యేది. నేను ఆ గురకను బడిలో అచ్చంగా చేసి చూపించి చప్పట్లు కొట్టించుకున్నాను. పాట అయిపోయాక అందరికీ ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు వేసి తాలింపు పెట్టిన బొబ్బర గుడాలు పంచేవాళ్లు. నాకు ఆ తత్వాల్లో అర్థమైంది తక్కువ. గుడాల గిన్నె ఎవరి పక్కన ఉందో మాత్రం ప్రతిసారీ బాగా అర్థమయ్యేది.

ఆ ఏడు సీతాఫలాలు విరగకాశాయి. ఖిల్లా గుట్ట మీది నుంచి గంపలు గంపలు దిగేవి. ఒక సాయంత్రం నాయనమ్మ గచ్చు మీద కూర్చుని కళ్లు విచ్చిన పండ్లు ఏరి అందరికీ పెడుతోంది. ఇంట్లో అందరం ఉన్నాం. ఆమె పండు చీలుస్తూనే, రేపు కూర ఏం వండాలో చెప్పినట్టు చెప్పింది.

"పెద్దోడా, నేను పోయినంక నన్ను కాలవెట్టకుండ్రి. మన పొలం మూలకు కూసోవెట్టి మన్నెయ్యుండ్రి. గురువయ్యకు కబురు జేయుండ్రి."

పెద్దనాయన చేతిలోని పండు కింద పెట్టేశాడు.

"ఏం మాటలమ్మా గివి? మన ఇంట్ల ఎన్నడన్న ఉన్నదా గట్ల? నాయినకు నేనే కొర్వి వెట్టిన. మంజీరల నేనే బూడిద కలిపిన. నీకు వెట్టకుంటే నేనేం పెద్దకొడుకును?"

"కొర్వి వెడితేనే కొడుకువా? నిన్ను కన్న దినం నుంచి కొడుకువే గద."

"ఊరోళ్లు ఏమంటరో ఎర్కేనా? తల్లికి కర్మ జేయలేదంటరు. గా మాట తీయకు ఇంక" అని లేచి పోయాడు. పోతూ పోతూ వాకిట్లో ఆగి చాలాసేపు ఊరికే నిలబడ్డాడు. ఆయనది మొండితనమని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు ఈ వయసులో తెలుస్తోంది, తల్లికి చివరిసారి చేయగలిగిన ఆ ఒక్క పనీ తన చేతుల్లోంచి పోతుందని ఆయన భయం.

నాన్న సీతాఫలం గింజలు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాడు. అమ్మ పళ్లెం తీసుకుని లోపలికి పోయింది. నాయనమ్మ మిగిలిన పండు నా నోట్లో పెట్టింది.

ఆ మర్నాటి నుంచి నాయనమ్మ కొత్త పని ఒకటి మొదలుపెట్టింది. సాయంత్రం దీపం పెట్టే వేళకు వసారాలో గోడకానుకుని, మఠం వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

"ఏం జేస్తున్నవ్ నాయినమ్మా?"

"కూసునుడు నేర్సుకుంటున్న."

"నీకు కూసునుడు రాదా?"

"వచ్చు. ఊకె కూసునుడు రాదు." మోకాలు రెండు చేతులతో పట్టుకుని లోపలికి లాక్కుంది. "రేపు పోయినంక గిట్లనే కూసోవాలె. ఇప్పటి సంది అలవాటు జేయకుంటే గీ మోకాళ్లు అప్పుడు నా మాట ఇంటయా?"

నేనూ పక్కన మఠం వేసుకుని ఆమె భుజానికి ఆనుకుని కూర్చునేదాన్ని. అది మా ఆటైపోయింది. ఎవరు ముందు కదిలితే వాళ్లు ఓడినట్టు. ప్రతిరోజూ ఆమే ఓడిపోయేది. నశ్యం పీల్చి కూర్చుంటుంది కదా, కాసేపటికి ముక్కు అదిరి, ఇల్లు దద్దరిల్లేలా తుమ్మేది. ఒక్కోరోజు తుమ్ము రాకపోతే నేను మెల్లగా ఆమె అరికాలి మీద వేలితో గీకేదాన్ని. "దొంగముండా" అని నవ్వుతూ ఒరిగిపోయేది. ఆ గోడకు ఆమె తల ఆనిన చోట కొబ్బరినూనె మరక పడింది. దాని పక్కన, కొంచెం కిందగా, నాది చిన్న మరక.

ఒకరోజు ఆటలో నవ్వడం ఆపి అడిగింది.

"పొల్లా, మా పెద్దోడు నన్ను పండవెట్టి కాలవెడతడు. మీ నాయిన ఏమనడు. నువ్వన్న చెప్తవా, నన్ను పండవెట్టొద్దని?"

"ఒర్రుత" అన్నాను. మా దగ్గర ఒర్రడమంటే గొంతు చించుకుని అరవడం. ఆ విద్యలో నాకు బళ్లో పేరుండేది.

"గంతే చాలు" అని నా తల నిమిరింది.

మా పక్కింట్లో సిస్టరమ్మ ఉండేది. చర్చి వాళ్ల దవాఖానలో నర్సుగా చేసి మానేసింది. తెల్లచీర, మెడలో సన్నటి గొలుసుకు సిలువ, చేతికి ఎప్పుడూ సబ్బు వాసన. మధ్యాహ్నం పనులయ్యాక నాయనమ్మా ఆమే వాకిట్లో కూర్చుని దేవుడి గురించి వాదించుకునేవాళ్లు. ఇప్పుడు టీవీలో మతాల గురించి కొట్లాడుకునే వాళ్లను చూస్తే నాకు ఆ ఇద్దరూ గుర్తొస్తారు. వాళ్లు వాదించుకుంటూనే ఒకే చాటలో బియ్యం ఏరేవాళ్లు.

"చివరి దినాన అందరం లేస్తమక్కా" అనేది సిస్టరమ్మ.

"లేసి ఏం జెయ్యాలమ్మా మళ్ల? గీ మోకాళ్ల నొప్పులు మళ్లెందుకు?"

"అప్పుడు మోకాళ్లు మంచిగైతయక్కా."

"మంచిగైనయంటే కోడండ్లు మళ్ల పొలానికి తోలుతరు. నాకొద్దు తల్లీ. నన్ను మట్టుకు లేపకుమని మీ ప్రభువుకు జర చెప్పు."

సిస్టరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. నాయనమ్మ కూర్చునే కోరిక సంగతి ఆమెకూ తెలుసు. అది తమ నమ్మకం కాదని ఒకసారి చెప్పింది, మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

క్రిస్మస్ దగ్గర పడుతోంది. చర్చి తుడిచి సర్దడానికి పోతూ ఒక మధ్యాహ్నం సిస్టరమ్మ మా ఇద్దరినీ వెంట తీసుకుపోయింది. ఎండ రంగుటద్దాల్లోంచి లోపలికి పడుతోంది. నేను నోరు తెరుచుకుని అద్దాల బొమ్మలు చూస్తున్నాను. ఎరుపూ నీలమూ వచ్చి నాయనమ్మ తెల్లచీర మీద పడ్డాయి. ఆమె అద్దాల వంక చూడనే లేదు. నట్టనడుమ నిలబడి, తల వెనక్కి వంచి, పైకప్పుకూ నేలకూ మధ్యనున్న జాగా చూస్తోంది.

"ఎంత బయలు గట్టిండ్రమ్మా!" అంది.

"బయలు గాదక్కా, దేవుని ఇల్లు."

"గదే అంటున్న."

సిస్టరమ్మ చీపురు పట్టుకుని తనూ పైకి చూసింది. నాయనమ్మ నా గడ్డం పట్టి తల పైకి తిప్పింది. "గోడలు సూడకు పొల్లా. నడుమ సూడు." నేను చూశాను. నాకు ఒక పిచ్చుక తప్ప ఏమీ కనబడలేదు. కాని ఆ పిచ్చుక ఎక్కడా ఆగకుండా ఆ చివరి నుంచి ఈ చివరికి ఎగురుతుంటే, ఎంత ఖాళీ ఉందో మొదటిసారి తెలిసింది. నాకు తత్వశాస్త్రానికి పరిచయం అదే.

ఆ చలికే నాయనమ్మకు దగ్గు పట్టింది. దగ్గు తగ్గింది గాని మనిషి తేరుకోలేదు. మంచం మీద కూడా దిండ్లు ఎత్తుగా పెట్టించుకుని కూర్చునే ఉండేది. సిస్టరమ్మ రోజూ వచ్చి నాడి చూసేది.

నాకు అదే సమయంలో గవదబిళ్లలు లేచాయి. చెంపలు బూరెల్లా ఉబ్బి బడికి పోలేదు. ఆ రోజు వరి కోతలని అమ్మా పెద్దమ్మా పొలానికి సద్ది తీసుకుపోయారు. నాన్న బడికి పోయాడు. పెద్దనాయన తూప్రాన్‌లో మిల్లు పని మీద పొద్దున్నే బస్సెక్కాడు. ఇంట్లో నాయనమ్మా నేనే ఉన్నాం. మధ్యాహ్నం సిస్టరమ్మ పండగకు చేసిన గులాబీ పువ్వులు డబ్బాలో పెట్టుకుని వచ్చింది. మైదా పిండిలో అచ్చు ముంచి నూనెలో వేస్తే పువ్వులా విచ్చుకుంటాయి, అవి. నా చెంపలతో నమలలేను కదా, చప్పరిస్తున్నాను.

"పొల్లా, జర నీళ్లు" అంది నాయనమ్మ. చెంచాతో పోశాను. ఒక గుటక మింగింది. నా ఉబ్బిన చెంప మీద చెయ్యి పెట్టి నవ్వబోయింది. ఆ చెయ్యి మెల్లగా జారి నా ఒళ్లో పడింది.

సిస్టరమ్మ నాడి చూసింది. ఛాతీ మీద చెవి పెట్టి విన్నది. తర్వాత నాయనమ్మ కళ్లు మూసింది, పెదాలు కదుపుతూ చిన్న ప్రార్థన చేసుకుంది. నాకు అర్థమైంది. ఏడుపు మాత్రం రాలేదు. దవాఖానలో అన్నేళ్లు చేసిన అలవాటు కదా, సిస్టరమ్మ దిండ్లు తీసి, ఆమెను పడుకోబెట్టడానికి భుజాల కింద చేతులు వేసింది.

"పండవెట్టకు!" అని ఒర్రాను. గవదబిళ్లల నొప్పికి గొంతు చీలిపోయినట్టయింది. "కూసోవెట్టాలె సిస్టరమ్మా! నాయినమ్మ చెప్పింది. నేను మాటిచ్చిన."

ఆమె చేతులు అక్కడే ఆగిపోయాయి. వాకిలి వైపు చూసింది, నా వైపు చూసింది.

"మీ పెద్దనాయన ఒప్పుకోలే గద బిడ్డా. నేను బయటిదాన్ని. రేపు నన్నంటడు, నన్ను పట్టుకొని మావోళ్లందర్నంటడు" అంది. నాయనమ్మ మోకాలు తడిమి చూసి, తనలో తనే అంది: "చేస్తే ఇప్పుడే జేయాలె. పొద్దుగూకితే ఒళ్లు బిగుసుకపోతది. ఇంక ఎవ్వల తరం గాదు."

నేను ఆమె కొంగు పట్టుకుని ఉన్నాను. ఆమె ఒక్కసారి నాయనమ్మ ముఖంలోకి చూసి కొంగు బొడ్లో దోపింది.

"మేం పండవెట్టి మన్నుల వెడ్తం, మీ గురువయ్యోల్లు కూసోవెట్టి వెడ్తరు. గంతే గద ఫరక్. పట్టు బిడ్డా, కాళ్లు పట్టు."

వసారాలోకి తెచ్చి, ఆ నూనె మరక ఉన్న గోడకే ఆనించాం. సిస్టరమ్మ మోకాళ్లు నెమ్మదిగా మడిచి మఠం వేయించింది. అవి అప్పుడు మాట విన్నాయి. దవడ కింది నుంచి తెల్లగుడ్డ కట్టింది, చేతులు ఒళ్లో పెట్టింది. ఒక పక్క బాలీసు పెట్టింది. రెండో పక్కకు దిండ్లు పెడితే జారిపోయాయి.

"నువ్వు కూసో గిక్కడ. అక్క ఒరగకుండ" అంది.

నేను పక్కన మఠం వేసుకుని భుజం ఆనించాను. రోజూ కూర్చున్నట్టే కూర్చున్నాను. తుమ్ము వస్తుందేమోనని చాలాసేపు చూశాను. రాలేదు. ఆ రోజు ఆట ఆమే గెలిచింది. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది, భుజం మాత్రం కదపలేదు.

అమ్మా పెద్దమ్మా వచ్చారు. వాడకట్టు ఆడవాళ్లు వచ్చారు. "అయ్యో, గిదేంది, పీనుగను కూసోవెట్టిండ్రా! తల దక్షిణం దిక్కు వెట్టి పండవెట్టాలె" అని ఎవరో అన్నారు. మా అమ్మ ఎన్నడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. తలుపు దగ్గర నిలబడి నన్నూ నాయనమ్మనూ చూసి, దీపం తెచ్చి ముందు పెట్టింది.

"ఎవ్వలు కదపకుండ్రి. పెద్దాయన వస్తడు గద, ఆయన చెప్పినట్టు జేద్దాం" అంది. పెద్దనాయన సాయంత్రం దాకా రాడని ఆమెకు తెలుసు. ఆలస్యమైన కొద్దీ నాయనమ్మ మాట గట్టిపడుతుందనీ తెలుసనుకుంటాను. మా అమ్మ తెలివి నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

పొద్దు గూకే వేళకు చెప్పుల చప్పుడైంది. పెద్దనాయన గడప మీదే ఆగిపోయాడు. కబురు బస్టాండ్‌లోనే అందింది కాబోలు, ముఖమంతా దుమ్మూ చెమటా.

"ఎవ్వలు కూసోవెట్టిండ్రు?" అన్నాడు.

"నేనే అన్నా" అంది సిస్టరమ్మ లేచి నిలబడి.

"నేను గూడ" అన్నాను, కూర్చున్న చోటి నుంచే. నేను లేస్తే నాయనమ్మ ఒరుగుతుంది.

ఆయన వచ్చి తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. మోకాలి మీద చెయ్యి వేసి చాపబోయాడు. రాలేదు. రెండో చెయ్యి వేశాడు. ఆయన చేతులు బస్తాలు ఎత్తిన చేతులు, బలం పెడితే వస్తుంది. నేను మళ్లీ ఒర్రబోయాను. ఆయన బలం పెట్టలేదు. చేతులు అక్కడే ఉంచి, తల తల్లి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"కొర్వి గూడ లేకుంట జేస్తివి గదనే అమ్మా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తల ఎత్తి, అప్పటికే బడి నుంచి వచ్చి ఉన్న నాన్నతో అన్నాడు: "గురువయ్యకు కబురు పంపు."

మర్నాడు మొదటి బస్సుకు గురువయ్య తంబురతో, నలుగురు శిష్యులతో దిగాడు. కుర్చీకి బంతిపూలు కట్టి నాయనమ్మను కూర్చోబెట్టారు. నుదుట విభూతి. మా ఇంట్లో ఆడవాళ్లు కాటికి పోయే ఆచారం లేదు. ఇది కాడు కాదు కదా అని అందరం పోయాం. సిస్టరమ్మ నా చెయ్యి పట్టుకుని నడిచింది. చర్చి ముందు నుంచి పోతుంటే ఆ ఎత్తైన గోపురం, దాని ముందు పూల కుర్చీలో మా నాయనమ్మ. ఊరేగింపులో ఆమె ఎన్నడూ కూర్చోలేదు, ఆ రోజే కూర్చుంది.

పొలం మూలన నిలువెత్తు గుంత తవ్వించి ఉంది. ఉప్పూ విభూతీ గంపల్లో పెట్టారు. పాట ఆపి గురువయ్య అన్నాడు: "ఒకలు లోపలికి దిగాలె. అమ్మను అందుకొని కూసోవెట్టాలె. శిష్యులన్న దిగుతరు, ఇంటోళ్లన్న దిగొచ్చు."

నాన్న కండువా తీసి ముందుకు వచ్చాడు. పెద్దనాయన ఆయన భుజం పట్టి ఆపాడు.

"నువ్వాగు. నేను పెద్దకొడుకును. నేనే దిగుత."

అంగీ విప్పి నాన్న చేతిలో పెట్టి గుంతలోకి దిగాడు. పైనుంచి నాయనమ్మను మెల్లగా దించారు. కొర్వి పట్టాల్సిన ఆ చేతులతో తల్లిని ఒళ్లోకి తీసుకున్నాడు. గుంత గోడకు ఆనించి, చీర కుచ్చిళ్లు సర్ది, నుదుటి మీద వెంట్రుకలు వెనక్కి దువ్వాడు. పని అయిపోయినా పైకి రాలేదు. పక్కన చతికిలబడి, ఆమె భుజానికి భుజం ఆనించి కూర్చున్నాడు. ఇక రమ్మని ఎవరూ అనలేదు. గురువయ్య ఇంకో తత్వం ఎత్తుకున్నాడు, అది అయ్యాక ఇంకొకటి.

"ఏడ్వొద్దు. ఆమె యాడికి పోలే" అని అందరికీ చెప్పిన గురువయ్య, తుండుగుడ్డతో తనే కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

సమాధి మీద గద్దె కట్టొద్దని నాయనమ్మ ముందే చెప్పింది. పెద్దనాయన కట్టలేదు. ఆ మూల మాత్రం దున్నకుండా వదిలేశాడు. ఊళ్లో ఎవరేమన్నారో నాకు తెలియదు. అన్నవాళ్లు ఆయన ముందు అనలేదు. మరుసటి ఏడు దసరాకు ఇంటికి సున్నం వేసేటప్పుడు, వసారా గోడ మీద రెండు నూనె మరకలున్న చోటు వదిలేయమని సున్నం వేసేవాళ్లకు చెప్పాడు. తెల్లటి గోడకు అది మాసికలా కనబడేది. ఎవరైనా అడిగితే అమ్మ కూర్చునే చోటు అనేవాడు, ఇప్పుడే లేచి లోపలికి పోయిందన్నట్టు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. ఆ జాగాలో సెల్‌ఫోన్ల దుకాణాలున్నాయి. పొలం ప్లాట్లయింది. గురువయ్య, సిస్టరమ్మ, అమ్మ, పెద్దనాయన, ఎవరూ లేరు. గురువారం లోబాన్ పొగ వాసన ఎక్కడైనా తగిలితే మాత్రం ఇప్పటికీ కళ్లు మూతలు పడతాయి.

చెప్పడం అయ్యేసరికి మా మనవరాలు పుస్తకంలో వేలు పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది. ఎప్పుడు మంచం దిగిందో, నా కాళ్ల దగ్గర నేల మీద ఉంది. సెమినార్ సంగతి అడగలేదు.

"అమ్మమ్మా" అంది పుస్తకం మూసి. "మరి నిన్ను? నిన్ను గూడ కూసోవెట్టాల్నా?"

నవ్వొచ్చింది. అంత చిన్నప్పుడు నేను నాయనమ్మకు మాటిచ్చాను. ఇంత పెద్దయ్యాక ఈ పిల్ల నన్ను అడుగుతోంది. నేను ఏ గురువు దగ్గరా ఉపదేశం తీసుకోలేదు. బయలంటే ఏమిటో ఆ పిచ్చుక ఎగిరినంత సేపే తెలిసింది, మళ్లీ తెలియలేదు. మోకాళ్లకు రెండుసార్లు ఆపరేషనైంది, మఠం వేయమంటే డాక్టరు ఒప్పుకోడు.

"నన్ను ఎట్లన్న పెట్టుండ్రి బిడ్డా" అన్నాను. "పండవెట్టినా సరే, కూసోవెట్టినా సరే. నువ్వు మాత్రం జర పక్కన కూసో."

పిల్ల లేచి వచ్చి మంచం మీద నా పక్కన గోడకానుకుని, భుజానికి భుజం ఆనించింది. ఇద్దరం కదలకుండా కూర్చున్నాం. ఆట సంగతి గుర్తుంది కాబోలు, కాసేపటికి మెల్లగా నా అరికాలి మీద వేలితో గీకింది.